చీల్చిన డప్పు

సైబీరియా దక్షిణపు కొండల్లోని తువాలో, ఆ కనుమ మీది ఒంటి లార్చ్ చెట్టు పేరెత్తితే చాలు, మీసాలున్న మగాళ్ళు కూడా గుర్రాల్ని చుట్టుదారి పట్టించేవాళ్ళు. డప్పు కొట్టి రోగాలు కుదిర్చే షామన్, అవ్వ తోర్గుమాను కడసారి సాగనంపింది అక్కడే. షామన్ పోతే డప్పు తోలు చీల్చి చెట్టుకు వేలాడదీస్తారు — దాని ప్రాణమూ పోవాలిగా! చీల్చిన డప్పు మోగదు. అది మాత్రం మోగుతోంది… రెండేళ్ళుగా, చీకటి పడ్డాక.

మిగతా డప్పులన్నీ కొత్త సర్కారు పంపిన అధికారి తగలబెట్టించాడు. షామన్లను బండెక్కించి పట్టుకుపోయాడు. ఒక్కరూ తిరిగి రాలేదు. దెయ్యాల్లేవనే ఆ పెద్దమనిషి, ఈ డప్పు జోలికి మాత్రం పోలేదు.

ఒక రాత్రి షొంచలై అనే ఆవిడ మూడేళ్ళ కూతురి ఒళ్ళు పెనంలా కాలిపోతోంది. డాక్టరేమో రెండు రోజుల దూరం. బతికున్న షామన్లను ఆ అధికారి ఉంచలేదు కదా, చచ్చినదాన్నే అడుగుతానంటూ బిడ్డను గొర్రెతోలులో చుట్టుకుంది.

"పోకే! ఆ దెయ్యం నీ ప్రాణం తీస్తుంది," అంది అత్త.

"తియ్యనీ. బిడ్డే పోతే ఈ ప్రాణం నాకెందుకత్తా?"

చెట్టు దగ్గర గుర్రం మొండికేసింది. దిగి నడిచింది. గాలి లేదు. కొమ్మ కదల్లేదు…

ధిం… ధిం…

ఒక అడుగు వెనక్కి వేసింది. వేసినందుకు తన మీద తనకే ఒళ్ళు మండింది.

"అవ్వా! భయపెట్టింది చాలు. వచ్చి బిడ్డను చూడు!"

డప్పు ఆగింది. చెట్టు వెనక నుంచి ఓ ఆకారం… దగ్గరికొచ్చింది… ఎండిపోయిన చెయ్యొకటి బిడ్డ నుదుటి మీద పడింది.

ఆ చెయ్యి — వెచ్చగా ఉంది! ఉప్పేసిన పాల టీ వాసన కూడా వేసింది.

"అవ్వా… నువ్వు… చావలేదా?"

"మెల్లగా అఘోరించవే!" గుసగుసలాడింది తోర్గుమా. "చచ్చినట్టు నన్ను మోసుకొచ్చిన నలుగురికే తెలుసు. డప్పు చీలికను నరంతో నేనే కుట్టుకున్నా. అప్పుడప్పుడూ మోగించకపోతే ఎవడో ఒకడు తొంగి చూడడూ? చచ్చినదాన్ని జైల్లో వెయ్యడం ఆ అధికారి తాత తరం కూడా కాదు."

తెల్లవార్లూ డప్పు మోగింది. పొద్దు పొడిచేసరికి బిడ్డకు చెమట పట్టింది. కళ్ళు తెరిచి పాలడిగింది. షొంచలై ఆ చెట్టు మొదట్లో కూలబడి బావురుమంది.

ఊళ్ళోకి రాగానే అధికారి గుర్రానికి అడ్డం నిలబడ్డాడు. నలుగురూ చూస్తున్నారు.

"రాత్రి కనుమకు పోయావట. ఏం చూశావ్? దాచావో, బండెక్కిస్తా."

షొంచలై తల దించలేదు.

"దెయ్యాన్ని చూశానయ్యా. మీ పేరు పెట్టి అడిగింది — ఎప్పుడొస్తాడూ అని."