రష్యన్ సలాడ్‌లో ఉప్పు

పొద్దున్నే కాఫీ కలుపుకుని ఒక్క గుక్క తాగగానే ఆవిడ గుండెల్లో రాయి పడింది. కాఫీ వేడిగా ఉంది, అంతే. వేణ్ణీళ్ళకీ దానికీ తేడా తెలియలేదు. ఇంకో గుక్క తాగింది. చెంచాడు చక్కెర నోట్లో వేసుకుంది. ఇసుకలా కరకరమంది తప్ప తీపి లేదు. ముక్కు రెండువైపులా బిరడా కొట్టినట్టు బిగుసుకుపోయింది.

జలుబుకే ఇంత కంగారా అనుకోకండి. ఆ జలుబు ఆవిడ ఒక్కదానిదే అయితే ఏ కషాయమో తాగి పడుకునేది.

ఆవిడ భర్తని అందరూ మ్యాపు మాస్టారు అంటారు. ఇంటి కింది భాగంలోనే ఆయన హోటలు. రష్యన్ సలాడ్, హంగేరియన్ గులాష్, స్పానిష్ ఆమ్లెట్, స్విస్ రోల్ అని బోర్డు నిండా దేశాలే. పొలిమేర దాటని మనిషి పూటకో దేశం తిప్పుతాడని జనం నవ్వేవారు. "గరిటె ఉండగా పాస్‌పోర్టెందుకండీ?" అని ఆయనా నవ్వేవాడు.

ఎనిమిది నెలల కిందట ఆయనకి జ్వరం వచ్చింది. అది పోతూ పోతూ ఆయన వాసననీ, రుచినీ పట్టుకుపోయింది. తిరిగి రావచ్చు, రాకపోవచ్చు అన్నాడు డాక్టరు. "చిట్టికి తెలియనిచ్చావంటే నా మీద ఒట్టే" అని మాస్టారు ఆవిడ చేతులు పట్టుకుని ఏడ్చాడు. చిట్టి వాళ్ళ ఒక్కగానొక్క కూతురు. హోటల్లో కూరలు తరగడం, వడ్డన చూసుకోవడం ఆ పిల్ల పని. గిన్నెలో చెంచా పెట్టే హక్కు మాత్రం దానికి లేదు.

అప్పట్నించీ ఆవిడే రుచి చూసి సైగ చేస్తోంది. ఒకసారి దగ్గితే ఉప్పు తక్కువ, గాజులు సవరించుకుంటే పులుపు తక్కువ. అయినా మూడు లోపాలుంటే ఒక్కటే చెప్పేది. పాపం, మనిషి ముఖం వాడిపోతుందని.

అదిగో, ఇవాళే నలభై మంది భోజనానికి వస్తున్నారు. వాళ్ళూ వీళ్ళూ కాదు, ఓడల్లో పనిచేసి రిటైరైన నావికులు. ఆయా దేశాల రేవుల్లో దిగి ఇవే వంటలు తిన్నవాళ్ళు. పులి మీద పుట్ర అంటే ఇదే కదా!

చెప్పేద్దామనే కిందికి దిగింది. మాస్టారు అప్పటికే తెల్ల ఏప్రాను కట్టుకుని సలాడ్ కలుపుతున్నాడు. ఉడికిన ఆలూ ముక్కలు, బఠాణీలు, క్యారెట్ తెల్లటి సాసులో మునిగి ఉన్నాయి.

"ఇదిగో, చూసి చెప్పు. ఇవాళ పేరు పోయిందంటే మళ్ళీ రాదే" అన్నాడు.

ఆ ముఖం చూశాక ఆవిడ జలుబు మాట పక్కన పెట్టేసింది. చెంచా నోట్లో పెట్టుకుంది. మెత్తగా, చల్లగా తగిలింది. ఇంకేమీ తెలియలేదు.

"బాగుందండీ" అంది.

పది దాటింది. పొయ్యి మీద గులాష్ మాంసం కూర ఉడుకుతోంది. ఇద్దరూ పక్కపక్కనే నిలబడి స్విస్ రోల్ కేకు చుడుతున్నారు. చిట్టి పరుగున లోపలికి వచ్చింది.

"అమ్మా! అడుగు మాడుతోంది! వీధిలోకి కొడుతోంది వాసన, ఇక్కడే నిలబడి ఏం చేస్తున్నారిద్దరూ?"

పొయ్యి ఆర్పి మూత తీసింది. కమురు పొగ గుప్పున లేచింది. మాస్టారు తేలు కుట్టిన దొంగలా నిలబడిపోయాడు. చిట్టి అనుమానంగా ఇద్దరినీ చూసి, చెంచా అందుకుని సలాడ్ నోట్లో వేసుకుంది.

"నా గిన్నెలో చెయ్యి పెట్టొద్దని ఎన్నిసార్లు చెప్పాలే నీకు!" మాస్టారు అరిచాడు.

చిట్టి సింకు దగ్గరికెళ్ళి ఉమ్మేసింది. "ఉప్పు బదులు చక్కెర వేశారు నాన్నా."

"నోర్ముయ్! మీ అమ్మ చూసింది. అడుగు!"

"అమ్మా, చూశావా?"

ఆవిడ పరిస్థితి అడకత్తెరలో పోకచెక్కలా ఉంది. ఒకవైపు ఒట్టు, ఇంకోవైపు నలభై విస్తళ్ళు.

"నాకు జలుబు చేసిందే" అని ఒక్కసారిగా భోరుమంది. "పొద్దున్నించీ ఏ రుచీ తెలియడం లేదు. చెబితే ఈయన కూలిపోతారని చెప్పలేదు. మీ నాన్నకా... ఎనిమిది నెలలుగా ఏ వాసనా లేదు, ఏ రుచీ లేదు. నన్ను క్షమించండి, ఒట్టు తీసి గట్టున పెట్టేశాను."

చిట్టి చెంచా బల్ల మీద పెట్టింది. "మరి నన్నెందుకు పిలవలేదు నాన్నా?"

"నీకు తెలిస్తే నా చేతిలో గరిటె లాక్కుంటావనుకున్నాను. వంట లేకపోతే నేనెవర్ని?" మాస్టారు స్టూలు మీద కూలబడ్డాడు.

"అమ్మకి చూపించి నాకు చూపించకపోతే, నా నాలుక పనికిరాదనుకున్నాను. జనం ప్లేట్లలో వదిలేస్తున్నారని చెప్పబోతే కసిరారు. మీకు నేనక్కర్లేదనుకుని సోమవారం నుంచి వేరే హోటల్లో చేరతానని నిన్ననే మాటిచ్చి వచ్చాను."

మొగుణ్ణి కాపాడుకుంటున్నాననుకుంది ఆవిడ ఇన్నాళ్ళూ. కన్నపిల్లని గుమ్మం బయట నిలబెట్టి తలుపు గడియ వేసింది తనే.

"వద్దే చిట్టీ" అన్నాడు మాస్టారు మెల్లగా. "వెళ్ళకు. ఆలూ ఉడకెయ్యి. ఇంకా రెండు గంటలుంది."

గులాష్ పైపైన ఇంకో గిన్నెలోకి తీసి, మాడిన అడుగు పారేశారు. కొత్త సలాడ్‌కి మాస్టారు లెక్క చెబుతుంటే చిట్టి కలిపింది. ఆయన గిన్నెని కూతురి ముందుకి తోశాడు.

చిట్టి రుచి చూసింది. తండ్రి ముఖంలోకి చూసి ఒక్క క్షణం తటపటాయించింది.

"బాగోలేదు నాన్నా. నిమ్మరసం చాల్లేదు. ఆవపొడి ఘాటు మరీ ముక్కుకెక్కుతోంది. సాసు పలచనయింది."

మూడూ చెప్పేసింది. ఆవిడ భయంభయంగా భర్త వైపు చూసింది. మాస్టారు కళ్ళు చెమర్చాయి. కానీ ముఖం వాడిపోలేదు.

"అబ్బ! ఎన్నాళ్ళకి విన్నానే ఈ మాట" అని నవ్వి, నిమ్మకాయ కొయ్యడానికి కత్తి అందుకున్నాడు.