నోటీసు అందని మనిషి

మేయో అనే చలిదేశపు తీరాన, నవంబరు నెలలో మధ్యాహ్నాలకు ఆయుష్షు తక్కువ. అన్నాలు తిని గిన్నెలు కడిగేలోపే వెలుతురు సముద్రం మీదికి జారిపోతుంది. అలా జారిపోతున్న వేళ, నోరీన్ పొయ్యి పక్కన కూర్చుని ఇల్లు ఖాళీ చేయించడానికి వచ్చే కోర్టు అమీనా కోసం ఎదురుచూస్తోంది.

ఆమె భర్త కోల్మన్ పడవ కొనడానికి ఇంటిని బ్యాంకుకు తాకట్టు పెట్టాడు. పడవనూ అతణ్ణీ సముద్రం ఒకేసారి తీసుకుంది. శవం దొరకలేదు. ఇల్లు మాత్రం బ్యాంకుకు దొరికింది.

ఉచిత న్యాయ సహాయ కేంద్రంలో లాయరమ్మ ఓపికగా అన్ని దారులూ వెతికింది. భార్య సమ్మతి లేకపోతే తాకట్టే చెల్లదంది. తాను సంతకం పెట్టానని నోరీన్ ఒప్పుకుంది. గడువు అడగవచ్చంది, అడిగారు, అదీ గడిచిపోయింది. ఇక మిగిలింది ఒక్కటే. ఇంట్లో ఉంటున్నవాళ్ళలో ఎవరికైనా నోటీసు అందకపోతే, కోర్టు ఆ మనిషి మాట వినేదాకా అమీనా ఆగాలి. మీతో ఇంకెవరైనా ఉంటున్నారా అని అడిగితే, నోరీన్ తల అడ్డంగా ఊపింది.

చనిపోయినవాళ్ళ పండుగ నిన్ననే జరిగింది. ఆ రాత్రి అక్కడ తలుపులకు గడియ వేయరు. పొయ్యి ఆర్పరు. ఆ ఇంట ఎప్పుడెప్పుడో బతికి పోయినవాళ్ళందరి కోసం కుర్చీలు వేసి పడుకుంటారు. తెల్లవారగానే పెరటి తలుపు తెరిచి, వెళ్ళిరండని సాగనంపుతారు. ఈ ఉదయం నోరీన్ ఆ తలుపు దాకా వెళ్ళింది. గొళ్ళెం మీద చేయి వేసి చాలాసేపు నిలబడింది. తియ్యకుండానే వెనక్కి వచ్చింది. ఇంటి కోసం చేసిందో, మనిషి కోసం చేసిందో ఆమెకే తెలియదు. దుఃఖం ముదిరాక ఆ రెండూ వేరు కావేమో.

అమీనా ఫర్గస్ ఊరివాడే, కోల్మన్‌తో కలిసి చదువుకున్నవాడు. టోపీ చేత పట్టుకుని గుమ్మంలోనే నిలబడిపోయాడు. టీ ఇస్తానంటే వద్దన్నాడు.

"నీ చేతి టీ తాగి నిన్నే బయటికి పంపితే, మా ఆవిడ నన్ను ఇంట్లోకి రానివ్వదు వదినా."

"అయితే నీకూ నోటీసు వస్తుందిలే," అంది నోరీన్.

నవ్వబోయి మానుకున్నాడు. గదులన్నీ చూడడం అతని విధి. వంటిల్లు చూశాడు. పడకగది చూశాడు. చివరి చిన్నగది తలుపు తోయబోయి ఆగాడు.

లోపల... కుర్చీ జరిగింది.

తలుపు సందులోంచి తడిమట్టి వాసన వచ్చింది. చాలాకాలం మూసి ఉన్న గోతి వాసన.

"ఎవరక్కడ?" అన్నాడు గొంతు తగ్గించి.

ఎవరో ఊపిరి తీసుకున్నారు. తరువాత గుసగుసగా...

"మమ్మల్ని ఎవరూ అడగలేదు."

ఫర్గస్ చెయ్యి వెనక్కి తీసుకున్నాడు. ఆ తలుపు అతను తెరవలేదు. మళ్ళీ కోర్టుకు వెళ్ళాలి, మళ్ళీ నోటీసులివ్వాలి అని గొణుగుతూ వాకిట్లోకి నడిచాడు. గేటు దగ్గర మాత్రం ఆగి, వెనక్కి చూడకుండా అడిగాడు.

"వదినా, లోపల ఎంతమందిని పెట్టావు?"

"ఒక్కణ్ణే," అంది వెంట వచ్చిన నోరీన్.

అతను కారెక్కాడు. కారు మలుపు తిరిగింది. ఇల్లు నిలిచింది. కోల్మన్ నిలబెట్టాడు. ఎన్నాళ్ళుగానో బిగబట్టుకున్న ఏడుపు ఆమెకు అక్కడ, గేటు పట్టుకుని నిలబడి ఉండగా వచ్చింది.

వెనుక వీధి తలుపుకు గడియ పడిన చప్పుడు.

నోరీన్ పరుగున వెళ్ళి తలుపు తోసింది. కదల్లేదు. లోపల అడుగులు... ఒకరివి కావు. కుర్చీలు పొయ్యి దగ్గరికి లాక్కుంటున్నారు. ఎవరో పసిబిడ్డను ఊరడిస్తున్నారు. ఎవరో దగ్గుతున్నారు.

ఆమె చెక్కకు నుదురు ఆనించింది.

"కోల్మన్... నేనే. తలుపు తియ్యి."

అన్ని చప్పుళ్ళూ ఒక్కసారిగా ఆగాయి. చెక్కకు అవతల, సరిగ్గా ఆమె పెదవులకు ఎదురుగా, అలసిన ఆడగొంతు ఒకటి నెమ్మదిగా అడిగింది.

"కోల్మన్ ఎవరమ్మా?"