కొంగ పక్కన కప్ప

"నీ కొంగలకు ఇంత ఆకలేంది? ఒక్క కప్పనన్న ఉండనియ్యవా?"

అఖిలేశ్‌తో సుజన అన్న మొదటి మాట ఇదే. ప్రేమకథకు ఇంతకంటే మంచి మొదలు దొరకలేదు, ఏం చేస్తాం.

అది 2003. బాన్సువాడలో డిగ్రీ చివరి ఏడాది. ఇద్దరికీ కలిపి ఒకే ప్రాజెక్టు: కంప్యూటర్ తెర మీద ఒక వరిమడి. తెల్లచుక్కలు కొంగలు, పచ్చచుక్కలు కప్పలు. ప్రతి చుక్కా తన రూల్స్ ప్రకారం తానే తిరగాలి. కొంగల రూల్స్ అఖిలేశ్ రాశాడు, కప్పలవి సుజన. నడిపిన ప్రతిసారీ కొంగలు కప్పలన్నింటినీ మింగేసి, ఆపైన తిండిలేక తామూ చచ్చేవి.

సుజనకు భయం పట్టుకుంది. ప్రాజెక్టు పోతే ఎంసీఏకి హైదరాబాద్ పంపనని వాళ్ళ నాన్న తేల్చి చెప్పాడు. అఖిలేశ్ దిగులు అంతకు రెట్టింపు. ఫెయిలైతే ఆమె సొంతూరు వర్నిలో ఇంట్లో కూర్చుంటుంది, పాసైతే ఊరే వదిలిపోతుంది. ఎటు చూసినా ఆమె ఇక కనబడదు.

పరీక్షరోజు నిజామాబాద్ నుంచి వచ్చిన ఎగ్జామినర్ తెర మీదికి వంగాడు. ఈసారి మడి ఖాళీ కాలేదు. కొంగల పక్కనే కప్పలు తీరిగ్గా కూర్చున్నాయి. పక్కన కూర్చోమనే రూల్ ఎవరు రాశారని ఆయన అడిగాడు. ఎవరూ రాయలేదు.

"కొంగల ఆకలి నేను తగ్గించిన సార్," అన్నాడు అఖిలేశ్. "కప్పలు చస్తుంటే సుజన మొఖం చూడలేకపోయిన."

సుజన తల దించుకుంది. "కప్పల ఉరుకుడు నేను తగ్గించిన సార్. కొంగలకు తిండి దొరకాలని."

ఒకరికి తెలియకుండా ఒకరు మార్చారన్న మాట. కడుపు నిండిన కొంగ కదలదు, కొంగ కదలకపోతే కప్ప ఉరకదు. ఎవరూ రాయకుండా దానంతటదే పుట్టేది చూడడానికే ఈ ప్రాజెక్టు అని ఎగ్జామినర్ నవ్వి, ఇద్దరినీ పాస్ చేశాడు.

బయట వాన. అఖిలేశ్, సుజన వరండాలో నిలబడ్డారు.

"ఇగ హైదరాబాద్ పోతవు," అన్నాడు.

"పోత. గిప్పుడన్న ఏమన్న చెప్తవా?"

"నువ్వంటే నాకు ఇష్టం."

ఆమె చూరు కింద చెయ్యి చాపి వాననీళ్ళు పట్టింది. అనకుండా ఉంటే బాగుండేదని అతను అప్పటికే పదిసార్లు అనుకున్నాడు.

"నువ్వు దిగులుగ ఉంటే నాకు అన్నం పోతలేదు," అంది సుజన చివరికి. "ఆడ గూడ గట్లనే ఉంటే నేనెట్ల చదువుత? నువ్వు గూడ ఎంట్రెన్స్ రాయి."

"రాస్త."

"రాసుడు కాదు, సీటు కొట్టాలె. లేకుంటే మా నాయినకు నీ గురించి ఏమని చెప్పాలె?"