తలుపు మీద గీతలు

ఆ పొద్దున కూడా పాలిష్ మాస్టారు నోట్లో బ్రష్షుతోనే షెడ్డులోకి నడిచాడు. ముఖం కడుక్కోవడం కంటే ముందు బండిని చూసుకోవడం ఆయనకు అలవాటు. ఇంటిని ఆనుకుని ఉన్న ఆ రేకుల షెడ్డులో పాత బళ్ళకు గీతలు తీసి, మెరుగు పెట్టి పంపడమే ఆయన ఇన్నేళ్ళుగా చేస్తున్న పని. ఆయన చేతిలోంచి వచ్చిన బండిని సొంతదారే పోల్చుకోలేక పక్క బండి ఎక్కబోయాడని తోటి పనివాళ్ళు వేళాకోళం ఆడేవాళ్ళు.

ఈసారి షెడ్డులో ఉన్నది పరాయి బండి కాదు. ఆయన ఒక్కగానొక్క కూతురు కొనుక్కున్న సెకండ్‌హ్యాండ్ లారీ. చిన్నదే, ముదురు నీలం రంగు. ముదురు రంగు మీద దుమ్ము రాసుకున్నా గీత పడుతుంది.

"ఏమేవ్! ఒకసారి ఇలా రా!"

ఆ గొంతు విని భార్య పొయ్యి కట్టేసి పరుగున వచ్చింది. డ్రైవర్ వైపు తలుపు మీద, సరిగ్గా హ్యాండిల్ కింద, పక్కపక్కనే నిలువు గీతలు. నిన్న సాయంత్రం ఆ తలుపులోనే ఆయన తన మీసం చూసుకుని మురిసిపోయాడు.

"మళ్ళీనా? మొన్న కూడా ఇక్కడే కదండీ పడ్డాయి!"

"మొన్నా ఇక్కడే. నిన్నా ఇక్కడే."

ఆయన తడిగుడ్డతో తలుపు తుడిచాడు. గీతలు మాయమయ్యాయి. తడి ఆరుతుంటే ఒక్కొక్కటే మళ్ళీ పైకి తేలాయి. పైపై గీతలు తడిస్తే కనబడవని, ఆరితే కనబడతాయని ఆయనకు తెలియనిది కాదు. అయినా అవి అలా తిరిగి రావడం చూసేసరికి ఆ పొద్దున ఆయన ఒళ్ళు జలదరించింది.

ఇంతలో కూతురు జుట్టు ముడేసుకుంటూ వచ్చింది. కాలు ఒకచోట నిలవదని చిన్నప్పుడు తండ్రి పెట్టిన పేరు బొంగరం. ఇప్పుడు పెద్ద లైసెన్సు చేతికొచ్చినా ఆ పేరు మాత్రం వదల్లేదు.

"ఏ పిల్లో గోకి ఉంటుంది నాన్నా."

"పిల్లి గోళ్ళు ఇంత ఎడంగా ఉంటాయా? గేటుకు తాళం, షెడ్డుకు గొళ్ళెం. ఎవరొస్తారు?" అన్నాడు మాస్టారు. గొంతు తగ్గించి, "ఈ బండికి బయటికి వెళ్ళడం ఇష్టం లేదు" అన్నాడు.

తల్లి గుండె మీద చెయ్యి వేసుకుంది. "నేనూ విన్నానండీ. తెల్లవారకముందు సర్... సర్‌మని రుద్దుతున్న చప్పుడు. కలేమో అనుకున్నా."

"బాగుంది! బండికి ఇష్టాలు, నీకు కలలు. మరి నా సంగతి ఎవరు చూస్తారు?" అని కూతురు విసుక్కుంది. సోమవారం నుంచి మార్కెట్ సరుకు దుకాణాలకు చేరవేసే పని ఆమెకు ఇవ్వడానికి వ్యాపారులు ఒప్పుకున్నారు. ఆ రోజు బండి రాకపోతే ఇంకొకరిని పెట్టుకుంటామని మొహమాటం లేకుండా చెప్పేశారు. ఒక ఆడపిల్లకు లారీ పని ఇవ్వడమే గొప్ప అన్నట్టు మాట్లాడిన మనుషులు వాళ్ళు. ఇది చేజారితే రెండోసారి పిలవరని ఆమెకు తెలుసు.

మాస్టారు నీళ్ళ బకెట్టు, రంగును అరగదీసే గరుకు వాటర్ పేపర్ తెచ్చుకున్నాడు. పేపర్ నానబెట్టి, ఒక చేత్తో తలుపు మీద నీళ్ళు జారుస్తూ రెండో చేత్తో మెత్తగా రుద్దాడు. నీళ్ళు లేకుండా పేపర్ ఆడిస్తే ఉన్న గీతలు పోవడం అటుంచి కొత్తవి పడతాయి. ఆ తర్వాత మెరుగు తెచ్చే కాంపౌండ్ ముద్ద రాసి, మెషీన్ తిప్పి, మైనం పట్టించాడు. మధ్యాహ్నానికి తలుపు అద్దంలా తేరింది. కూతురు సాయం చేయబోతే, "ఆ తలుపు జోలికి రాకు" అని కసిరాడు. పని జరిగినంతసేపూ తలుపు బార్లా తెరిచే ఉంచాడు. రోజూ అంతే. సాయంత్రం మాత్రం తనే బయటి నుంచి మూసేవాడు.

మర్నాడు పొద్దున గీతలు అక్కడే ఉన్నాయి. ఈసారి ఇంకొంచెం పొడుగ్గా.

రాత్రి భోజనాలకు కూర్చున్నారు. మాస్టారు కంచం పక్కకు జరిపి, "ఈ బండి అమ్మేద్దాం" అన్నాడు.

"ఏమన్నావ్ నాన్నా?"

"అమ్మేద్దామన్నాను. ఇంకో బండి చూద్దాం. వచ్చే ఏడు."

"వచ్చే ఏడు దాకా నా కోసం ఎవరు కాచుక్కూర్చుంటారు? సూటిగా చెప్పు. నేను లారీ తోలడం నీకు ఇష్టం లేదు. అది నీ నోటితో అనలేక బండి మీద పెడుతున్నావు. ఆ గీతలు కూడా..."

"కూడా?" ఆయన ఒంటికాలి మీద లేచాడు. "నా చేత్తో నేనే చెడగొట్టుకుంటున్నాననా? ఈ చేత్తోనా?"

కూతురి మీద ఆయన అంతకుముందెప్పుడూ గొంతు లేపలేదు. తల్లి ఇద్దరి మధ్యకూ వచ్చి, "ఏవండీ, అది చిన్నపిల్ల. అమ్మాయ్, నువ్వూ ఊరుకో. నాకూ ఆ బండి అంటే భయంగానే ఉంది. ఎవరిదో, ఏమైందో. లోపలికి తొంగి చూస్తే ఎవరో ఇప్పుడే లేచి వెళ్ళినట్టు ఉంటుంది" అంది.

"నాకు తెలిసింది ఒక్కటే. గీతలున్నా సరే, మచ్చలున్నా సరే, సోమవారం ఆ బండి రోడ్డెక్కుతుంది" అని కూతురు చెయ్యి కడుక్కుంది.

గీతలు పెడుతున్నదెవరో తేల్చుకోవాలని ఆ రాత్రే ఆమె ఎవరికీ చెప్పకుండా దుప్పటి పట్టుకెళ్ళి బండిలోనే పడుకుంది. దోమలకు భయపడి అద్దాలు పైకి ఎత్తేసి, తలుపు గట్టిగా లాగి వేసుకుంది. లోపల పాత రెగ్జిన్ వాసన. కాసేపటికి నిద్ర పట్టేసింది.

తెలతెలవారుతుండగా చప్పుడుకు మెలకువ వచ్చింది. సర్... సర్... చెవి పక్కనే, తలుపు రేకు అవతల. ఆమె ఊపిరి బిగబట్టి తల ఎత్తి, పక్క అద్దంలోంచి బయటికి చూసింది.

నాన్న.

చెప్పుల్లేని కాళ్ళతో, వరండా మంచం మీంచి లేచి వచ్చిన బట్టలతో నిలబడి ఉన్నాడు. కళ్ళు తెరిచే ఉన్నాయి. చేతిలో వాటర్ పేపర్ ఉంది. నీళ్ళు మాత్రం లేవు. రెండో చెయ్యి గాలిలో ఎత్తి, లేని మగ్గులోంచి లేని నీళ్ళు ఒంపుతోంది. ఎండు పేపర్‌తో పైనుంచి కిందికి, పైనుంచి కిందికి రుద్దుతూనే ఉన్నాడు. పెదాలు కదులుతున్నాయి. ఆమె అద్దానికి చెవి ఆనించింది.

"వస్తున్నా... తీసేస్తున్నా... కాస్త ఓపిక పట్టు తల్లీ... బొంగరం, ఓపిక పట్టు..."

తను లోపల ఉన్నట్టు ఆయనకు తెలియదు. మరి పిలుస్తున్నది ఎవరిని?

"నాన్నా!" అని అద్దం మీద కొట్టింది. ఆయన సూటిగా ఆమె ముఖంలోకే చూశాడు. ఆ చూపులో ఆమె లేదు. ఆమె గబుక్కున తలుపు హ్యాండిల్ లాగింది. తలుపు రాలేదు. ఇంకోసారి బలంగా లాగింది. హ్యాండిల్ చేతిలో వదులుగా ఆడింది తప్ప తలుపు బిగుసుకుపోయినట్టే ఉంది. భుజంతో నెట్టినా కదల్లేదు. అవతల ఆయన రుద్దుతున్నాడు, ఇవతల ఆమె లాగుతోంది. మధ్యలో రేకు. ఆమె చెమటలు కక్కుతూ సీటు మీంచి అవతలికి పాకి, రెండో తలుపు తీసుకుని కిందికి దూకింది.

చప్పుడుకు తల్లి కూడా వచ్చేసింది. భర్త వాలకం చూసి కేక వేయబోయి, నోటికి కొంగు అడ్డం పెట్టుకుంది. తర్వాత మెల్లగా వెళ్ళి, పసివాడి చేతిలోంచి ఆటవస్తువు తీసుకున్నట్టు ఆయన చేతిలోని పేపర్ తీసుకుంది. "ఏవండీ, పని అయిపోయింది. ఇక చాలు" అంది.

ఆయన ఉలిక్కిపడ్డాడు. కళ్ళల్లోకి మనిషి తిరిగి వచ్చాడు. తన వేళ్ళకు అంటిన నీలం పొడి చూసుకున్నాడు, తలుపు మీద గీతలు చూశాడు. అలాగే నేల మీద కూలబడ్డాడు.

"నేనేనా? ఇన్నాళ్ళూ నేనేనా?"

"నిద్రలో నడిచావు నాన్నా. ఎవరికి తీస్తున్నావు తలుపు?"

ఆయన వేళ్ళకున్న పొడి ఒంటిమీది బట్టకు తుడుచుకున్నాడు. తర్వాత నేల వైపు చూస్తూ చెప్పాడు. "బండి వచ్చిన రోజు లోపల కడుగుతుంటే కనబడ్డాయి. ఇదే తలుపుకు లోపలివైపు, హ్యాండిల్ చుట్టూ. గోళ్ళతో గీసిన గీతలమ్మా. ఎవరో లోపల్నుంచి బయటికి రావాలని... రంగు లేచి రేకు కనబడేదాకా గీకారు. మీరు చూస్తే భయపడతారని ఆ పూటే తీసేసి రంగు వేసేశాను. అప్పట్నుంచి కళ్ళు మూస్తే ఆ వేళ్ళు కనబడతాయి. ఒక్కోసారి అవి నీ వేళ్ళు."

తల్లి గోడకు ఆనుకుంది. కూతురు ఆయన ముందు మోకాళ్ళ మీద కూర్చుంది.

"ఎందుకు గీకారో చూశావా నాన్నా?"

"చూడ్డానికేముంది? గీత కనబడింది, తీశాను. నా పని అదే కదా."

"ఆ తలుపు గట్టిగా వేస్తే లోపల్నుంచి తెరుచుకోదు నాన్నా. నేను ఇప్పుడే లోపల ఇరుక్కున్నాను. నువ్వు నన్ను పిలుస్తుంటే లోపల నేనే ఉన్నాను."

ఆయన ముఖంలో నెత్తురు చుక్క లేదు. "తలుపు చూడలేదు" అన్నాడు. "అన్నీ చూశాను, తలుపు చూడలేదు. వాడెవడో అంత కష్టపడి రాసి పెట్టి వెళితే, నేను తుడిచేశాను. పైగా మెరుగు పెట్టాను." అంత మనిషీ రెండు చేతుల్లో ముఖం దాచుకుని వెక్కి వెక్కి ఏడ్చాడు. భయం చెప్పుకోకుండా దాచినందుకు, దాచినది కూతురి ప్రాణం మీదికి వచ్చినందుకు, ఆయనకు తన చేతుల మీదే అసహ్యం పుట్టింది.

కూతురు ఆ చేతులు పట్టుకుంది. "నిన్న నేను అన్న మాట కూడా తప్పే నాన్నా. నన్ను ఆపడానికి గీస్తున్నావనుకున్నాను. నువ్వు నన్ను బయటికి తీస్తున్నావు."

ఆ రోజే మెకానిక్ వచ్చి తలుపు విప్పాడు. లోపలి కడ్డీ వంగి ఉందని, వేడెక్కితే మరీ బిగుసుకుంటుందని, రెండో తలుపు తాళం మాత్రం ఎవరో ఈమధ్యే మార్చినట్టుందని చెప్పి, ఈ తలుపు తాళం మొత్తం మార్చాడు. బండి అమ్మిన బ్రోకర్ దగ్గరికి మాస్టారు స్వయంగా వెళ్ళి అడిగాడు. అతను ఇంకో బ్రోకర్ దగ్గర కొన్నాడట. లోపల గీకినది ఎవరో, బయటికి వచ్చారో లేదో ఎవరూ చెప్పలేకపోయారు.

సోమవారం పొద్దున కూతురు డ్రైవర్ సీట్లో కూర్చుంది. మాస్టారు పాలిష్ గుడ్డ ముట్టుకోలేదు. బయటి నుంచి తలుపు గట్టిగా వేసి, "లోపల్నుంచి తియ్యి" అన్నాడు.

తీసింది. మళ్ళీ వేశాడు.

"ఇంకోసారి."

తీసింది. ఆమె ఒక్కసారి కూడా విసుక్కోలేదు.

"ఇంకోసారి తల్లీ."

"ఏవండీ, దాన్ని వెళ్ళనిస్తారా, లేదా?" అని తల్లి కళ్ళు తుడుచుకుంటూనే నవ్వింది.

ఆయన ఈసారి తలుపు వేసి నాలుగడుగులు వెనక్కి వెళ్ళి నిలబడ్డాడు. చాలు, వెళ్ళు అన్నట్టు చెయ్యి ఊపబోయాడు గానీ చెయ్యి లేవలేదు. కూతురు ఇంజిన్ తాళంచెవి మీది చెయ్యి తీసేసింది. ఎవరూ అడగకుండానే తలుపు లోపల్నుంచి తెరుచుకుని, దిగి, నాన్న దగ్గరికి నడిచి వచ్చింది. "సాయంత్రం కూడా ఇలాగే దిగి వస్తాను నాన్నా" అంది.