రోడ్డు వైపు తిరిగిన కెమెరా

ఆ ఆదివారం మధ్యాహ్నం ఆ ఇంట్లో ఉన్నది ఐదుగురు. సైన్యంలో హవల్దారుగా చేసి వచ్చిన మునిరత్నం. ఆయన భార్య సంతోషమ్మ. మామిడి గుజ్జు ఫ్యాక్టరీలో రాత్రి డ్యూటీ చేసి వచ్చి నిద్రపోతున్న కొడుకు గిరి. డిగ్రీ ముగించి ఇంట్లోనే ఉంటున్న కూతురు కోమలి. తోట కాపు కొనుక్కున్న వ్యాపారి ధనశేఖర్, ఆ పూట భోజనానికి వచ్చినవాడు. బంగారుపాళ్యం దాటాక హైవే పక్కనే ఉంది వాళ్ల మామిడి తోట. గేటుకు తాళం వేసి ఉంది. బయటివాళ్లెవరూ లోపలికి రాలేదు.

ఆ మధ్యాహ్నమే తోటలోని కెమెరా తిరిగింది. కాయలు దొంగిలించేవాళ్ల కోసం పెట్టిన సోలార్ కెమెరా అది. అప్పటిదాకా చెట్లను చూసింది. అప్పటినుంచి హైవేను, దాని మీద వెళ్లే సైనిక వాహనాలను చూసింది. ఆ దృశ్యాలు సరిహద్దు అవతలికి చేరుతున్నాయని పది రోజులకు ఢిల్లీ అధికారులు కనిపెట్టారు. కెమెరాలోని సిమ్ గిరి పేరు మీద ఉంది. పోలీసులు వచ్చి గిరిని తీసుకుపోయారు.

గిరిని తీసుకుపోయిన మర్నాడు ఉదయం తిరుపతిలో, టైలరు షాపు మీది అంతస్తులో ఉన్న ప్రైవేటు డిటెక్టివ్ యోగానంద ఆఫీసుకు సంతోషమ్మ వచ్చింది. మోకాళ్ల నొప్పితో మెట్లెక్కి, గోడ పట్టుకుని నిలబడింది.

"మా వాడు అట్లాంటోడు కాదు సామీ. స్టేషన్‌లో కూడు కూడా తినలేదంట. వాళ్ల నాయన చూసేదానికి కూడా పోలేదు. కొడుకే కాదంటాండాడు."

యోగానంద సహాయకురాలు జెస్సీ కుర్చీ జరిపింది. తన సార్ కనిపెట్టలేనిది ఈ జిల్లాలో ఏదీ లేదని ఆ అమ్మాయి నమ్మకం.

"మీ అబ్బాయి ఫోన్‌కు లాక్ ఉందా అమ్మా?" అని యోగానంద అడిగాడు.

"లేదు సామీ. వాడు పండుకుంటే ఫ్యాక్టరీ వాళ్లు ఫోన్ చేస్తారని హాల్లోనే పెడతాడు. ఎవురో ఒకరు ఎత్తుతాము."

"పదండి, తోట చూద్దాం."

తోట చివర, హైవే కంచె దగ్గర ఇనుప స్తంభం. దాన్ని ఆనుకుని ఒక తోతాపురి చెట్టు. కాయల బరువుకు కొమ్మలు కెమెరా మీదికి వాలి ఉన్నాయి. యోగానంద నిచ్చెన వేసి ఎక్కాడు. కెమెరాను పట్టి ఉంచే నట్టు తుప్పు పట్టి, కదల్చకుండా అలాగే ఉంది. నట్టు విప్పకుండానే కెమెరాను బలవంతంగా తిప్పి, వెనక్కి రాకుండా అరటి నారతో కట్టారు.

"గిరే కదా సార్ దీన్ని బిగించింది?" అని జెస్సీ కింద నుంచి అడిగింది.

"అవును. బిగించినవాడికి ఒక్క నట్టు వదులు చేస్తే చాలని తెలుసు. ఇంకో సంగతి చూడు. స్తంభం పక్క కొమ్మ మీద బెరడు రాసుకుపోయింది. కాయలు తెగిన తొడిమలున్నాయి. ఈ నిచ్చెన ఉండేది మోటారు షెడ్డులో, దాని తాళం చెవి ధనశేఖర్ దగ్గర. తిప్పినవాళ్లు నిచ్చెన లేకుండా చెట్టెక్కారు."

ఇంటి అరుగు మీద మునిరత్నం నిటారుగా కూర్చున్నాడు. ఎడమ చెయ్యి భుజం దాటి పైకి లేవదు. సైన్యంలో తగిలిన దెబ్బ అది. పక్కన ధనశేఖర్ వక్క నములుతున్నాడు. సొన కారి కారి అతని చేతులు నల్లగా మచ్చలు పడ్డాయి.

"ఆదివారం మధ్యాహ్నం మీరిద్దరూ ఎక్కడున్నారు?"

"యాడికి పోతాం సార్? ఈడనే," అన్నాడు ధనశేఖర్. "కాయ రేటు మీద పొద్దు గూకేదాకా ఈయప్పతో కొట్లాట. హవల్దారు గదా, తుపాకి లేకపోయినా మాటలతోనే కాలుస్తాడు."

మునిరత్నం నవ్వలేదు. "సార్, నేను మంచులో నిలబడి కాపలా కాసినాను. నా ఇంట్లోనే ఒకడు రోడ్డు చూపించి అమ్మినాడు. ఇట్లాంటోళ్లకి కోర్టులు ఎందుకు? నడిరోడ్డులో నిలబెట్టి కాల్చాల."

"తెలియక చేసినవాళ్లనూ?"

"తెలిసినా తెలీకున్నా, ఆడ చచ్చే జవాను చస్తాడు గదా సార్!"

"ఊరుకోప్పా," అన్నాడు ధనశేఖర్. "పెద్ద కుర్చీల్లో కూర్చొని అమ్ముకునేటోళ్లు బాగుండారు. కన్న కొడుకును కాల్చాలంట!"

మంచినీళ్లు తెచ్చిన కోమలి గుమ్మంలోనే ఆగిపోయింది. గ్లాసు అందించి, తలవంచుకుని, ఎవరికీ వినపడనంత మెల్లగా యోగానందను అడిగింది.

"సార్, తెలిసి చేసినోళ్లకీ తెలీక చేసినోళ్లకీ ఒకటే శిక్షా?"

"కాదమ్మా. అయితే కోర్టు ఇంకొకటి కూడా అడుగుతుంది. తెలిసిన రోజున నువ్వేం చేశావు అని."

ఆ అమ్మాయి తండ్రి వైపు చూసి, ఖాళీ గ్లాసు తీసుకుని లోపలికి వెళ్లిపోయింది.

జెస్సీ వెనకే వెళ్లింది. వంటింటికి కిటికీ ఒక్కటే. దానికీ ఇనుప జాలీ. కోమలి దాని కింద కూర్చుని కనకాంబరాలు కడుతోంది. పక్కనే తడిపిన అరటి నార. చెవి కింద, మెడ మీద ఒక నల్లటి మచ్చకు పసుపు రాసుకుంది.

"ఏమైంది మెడకు?"

"మామిడికాయ తింటిని అక్కా. సొన పడి కాలింది."

"ఉద్యోగానికి ప్రయత్నం చేయలేదా?"

"బెంగళూరులో వచ్చింది. నాయన పంపలేదు. ఆడపిల్లకు ఇల్లే భద్రం అంటాడు." కోమలి నార ముడి బిగించింది. "గేటు తాళం చెవి కూడా నాయన దగ్గరే ఉంటుంది."

కారు దగ్గరికి వచ్చాక జెస్సీ ఇదంతా చెప్పింది. యోగానంద ఈ కేసు చూస్తున్న ఎస్.ఐ.కి ఫోన్ చేశాడు.

సాయంత్రం ఎస్.ఐ. గిరిని వెంటబెట్టుకుని వచ్చాడు. కానిస్టేబుళ్లలో ఒక మహిళ కూడా ఉంది. గిరి పాదాలు వాచి ఉన్నాయి. సంతోషమ్మ హాల్లో కొడుకు పక్కన నేల మీద కూర్చుంది. మునిరత్నం మొహం గోడ వైపు తిప్పుకున్నాడు.

"కెమెరా రోడ్డు వైపు తిరిగిందని నీకు తెలియలేదా గిరీ?" అని యోగానంద మొదలుపెట్టాడు.

"ఫోన్లో చూసినా సార్. గాలికి తిరిగిందనుకున్నా. సీజన్ పనిలో సరిచేసేదానికి తీరలేదు. ఆ మాట చెప్తే స్టేషన్‌లో నవ్వినారు."

"నట్టు కదల్లేదు కాబట్టి తిప్పింది నువ్వు కాదు. ధనశేఖర్ దగ్గర నిచ్చెన తాళం ఉంది, అతను చెట్టెక్కాల్సిన పని లేదు. పైగా ఆ పూటంతా అతనూ మునిరత్నంగారూ అరుగు మీదే ఉన్నారు. మునిరత్నంగారి చెయ్యి పైకి లేవదు. సంతోషమ్మగారికి మెట్లెక్కడమే కష్టం." అతను ఆగాడు. "కాయ కొరికి తింటే సొన పెదవులను కాలుస్తుంది. తల పైన కాయ తెగితే మెడ మీద కారుతుంది. పూలు కట్టే నార ఈ ఇంట్లో ఎవరి చేతికి అందుబాటులో ఉంటుందో మీకే తెలుసు. హాల్లో పెట్టిన గిరి ఫోన్ నుంచి కెమెరాను ఇంకొకరికి కలపడానికి లాక్ కూడా తీయక్కర్లేదు. కోమలీ, నువ్వు చెబుతావా?"

కోమలి గోడకు ఆనుకుని కూర్చుంది.

"ఫోన్లో ఉద్యోగం ప్రకటన చూసి అడిగితే, ఇంట్లోనే చేసుకునే పని అన్నారు సార్. రోడ్డు మీద బండ్లు లెక్కపెట్టే సర్వే అన్నారు. బాగా చేస్తే పర్మనెంటు చేస్తామన్నారు. తర్వాత మిలిటరీ లారీలు మాత్రం చూడమన్నారు. అప్పుడు తెలిసిపోయింది. చెయ్యనంటే నా ఫోటో, ఆధార్ నాకే పంపించి, నువ్వే గూఢచారివని పోలీసులకు చెప్తామన్నారు."

"నాయనకు చెప్పకూడదా?" అన్నాడు ఎస్.ఐ.

"నాయన కాల్చాలంటాడు గదా సార్. టీవీలో ఎవురిని పట్టుకున్నా అదే మాట. ఇంక యాడ చెప్పేది?"

గిరి చెల్లెలి వైపు చూశాడు. "నాకు చెప్పుంటే నేనే తీసకపోయి ఉందును గదే స్టేషన్‌కి."

కోమలి అన్న వాచిన పాదాల వైపు చూసింది.

జెస్సీ యోగానంద దగ్గరికి జరిగి, "ఆ పిల్ల పేరు రాకుండా గిరిని విడిపించి ఉండొచ్చు కదా సార్?" అంది. అతని మీద మొదటిసారి కోపం వచ్చింది ఆమెకు.

"ఎలా? ఎవరో ఒకరు కెమెరా తిప్పారు జెస్సీ. నేను నోరు మూసుకుంటే గిరి లోపలే ఉంటాడు."

మహిళా కానిస్టేబుల్ కోమలి మోచెయ్యి పట్టుకుంది. అప్పుడు మునిరత్నం లేచాడు. పొద్దుటి గొంతు కాదు అది.

"సార్... కాల్చేస్తారా?"

"అట్లా ఏం లేదు పెద్దాయనా," అన్నాడు ఎస్.ఐ. "బెదిరించినారని కోర్టులో చెప్పుకోవచ్చు. అయినా జైలు తప్పదు. చిన్న కేసు కాదు."

మునిరత్నం చొక్కా జేబులు తడుముకున్నాడు. గేటు తాళం చెవి తీసి, ఎవరికివ్వాలో తెలియనట్టు చూసి, కిటికీ గట్టు మీద పెట్టాడు. "నేనూ వస్తా. ఒక్కతే పోదు," అని, చెప్పులు కూడా వేసుకోకుండా ముందు నడిచి జీపు ఎక్కాడు.

కోమలి గడప దాటి, వెనక్కి తిరిగింది. సంతోషమ్మ మోకాళ్లు పట్టుకుని లేచి, తలుపు దాకా వచ్చింది.

"అమ్మా, నేను కావాలని..."

"దేశం సంగతి నాకు తెల్దు పాపా. అది వాళ్లు చూసుకుంటారు." సంతోషమ్మ గొంతు తడి లేకుండా ఉంది. "మీ అన్నను తీసకపోతా ఉంటే నా పక్కనే నిలబడుకోని, నా కొంగు పట్టుకోని ఏడిస్తివే. ఆ ఏడుపు ఎట్ల ఏడిస్తివే నువ్వు?"

కోమలి ద్వారబంధం మీద చెయ్యి పెట్టింది. సంతోషమ్మ ఆ వేళ్లను ఒక్కొక్కటిగా, నొప్పి తగలకుండా తీసి, తలుపు వేసింది.