ఆగిపోని కారు

ఆ ఇంట్లో పొద్దున్నే అందరికన్నా ముందు లేచేది కారు. సరిగ్గా ఆరింటికి క్లచ్చమ్మ గారు స్టీరింగు ముందు కూర్చుని తాళం తిప్పితే, అది ఒకసారి గొంతు సవరించుకుని వీధంతా వినిపించేలా హుషారుగా మోగేది. ఆ చప్పుడు విన్నాకే పక్కింటివాళ్ళు పాలగిన్నె పొయ్యి మీద పెట్టుకునేవారు. ఇరవై మూడేళ్ళ అలవాటు మరి!

క్లచ్చమ్మ అన్నది ఆవిడకి పుట్టినప్పుడు పెట్టిన పేరు కాదని వేరే చెప్పాలా? ఇన్నేళ్ళుగా ఆ పాత పెట్రోలు కారులో ఊళ్ళోవాళ్ళకి డ్రైవింగు నేర్పుతూ, ఆడా మగా తేడా లేకుండా పక్కన కూర్చున్న ప్రతివాళ్ళనీ "క్లచ్చమ్మా, క్లచ్చు! మెల్లగా!" అని అరవడంతో వచ్చిన పేరది. ఆవిడకి ఒక్క గొప్ప ఉంది. తన శిష్యుల చేతిలో బండి ఎప్పుడూ నడిరోడ్డు మీద ఆగిపోలేదు. ఇది అబద్ధం కాదు. మరీ మొదట్లో ఒక్కసారి తప్ప, నిజంగానే ఎవ్వరి చేతిలోనూ ఆగలేదు.

కాకపోతే ఒక చిత్రం జరిగేది. ఆవిడ దగ్గర దర్జాగా నేర్చుకుని, పరీక్ష నెగ్గి, సొంత కారు కొనుక్కున్న మొదటి రోజున ప్రతివాళ్ళూ వీధి మలుపులోనే నాలుగైదుసార్లు ఆగిపోయేవారు. ముఖాలు వేలాడేసుకుని వచ్చి, "మేడమ్, ఈ కొత్త కారేమిటండీ ఇలా ఉంది?" అనేవారు. "ఈ కాలం కార్లు అంతే లెండి, ఉత్త రేకు డబ్బాలు" అని ఆవిడ కొట్టిపారేసేది. పాపం, వాళ్ళూ నమ్మేవారు.

అంత గొప్ప కారుకి ఇప్పుడు కష్టం వచ్చింది. బస్సు డిపోలో మెకానిక్కుగా చేసిన భర్త పోయి ఆరేళ్ళయింది. పెట్రోలు ధర చూస్తే కళ్ళు తిరుగుతున్నాయి. ఫీజు పెంచమంటే ఈవిడ పెంచదు. రక్తపరీక్షల ల్యాబులో పనిచేసే కూతురు తన జీతంలోంచి టాంకు నింపుతూ వచ్చింది. రెండు నెలల కిందట ఇక లాభం లేదని, "కారుకి గ్యాసు కిట్ పెట్టిద్దామమ్మా, లేదంటే డ్రైవింగు బడి మూసేసి కారు అమ్మేయాల్సిందే" అంది. దానికి తల్లి ఒకటే మాట. "మీ నాన్న చెయ్యి పడిన ఇంజను మీద ఇంకొకళ్ళ చెయ్యి పడటానికి వీల్లేదు." అంతే, ఆ విషయం అక్కడే ఆగిపోయింది.

ఆ మధ్య చెల్లెలికి కంటి ఆపరేషను అయితే క్లచ్చమ్మ గారు రెండు రోజులు వెళ్ళి తోడుగా ఉండి, ముందురోజు సాయంత్రమే తిరిగొచ్చారు. ఈ పొద్దున ఆరింటికి తాళం తిప్పితే కారు మోగింది గానీ, ఆ హుషారు లేదు. జలుబు చేసినవాడు మాట్లాడినట్టు ఏదో గొణిగింది. రెండు రోజులు కదలకుండా ఉంది కదా, అదే సర్దుకుంటుందిలే అనుకున్నారు. ఇంతలో శిష్యుడు రానే వచ్చాడు. రిటైరైన హెడ్మాస్టరు గారు. ముప్ఫయ్యేళ్ళు పిల్లల చెవులు మెలిపెట్టిన మనిషి, స్టీరింగు ముందు మాత్రం ఒకటో తరగతి పిల్లాడిలా బిగుసుకుపోయి కూర్చుంటాడు.

పెద్ద రోడ్డు మలుపు దగ్గర ఆయన క్లచ్చు వదిలాడు. కారు ఒక్క కుదుపు కుదిపి ఆగిపోయింది.

"మేడమ్, నేనేం చేశాను?" అన్నాడు హెడ్మాస్టరు గారు హడలిపోయి.

"మీరేం చెయ్యలేదు మాస్టారూ. మళ్ళీ తిప్పండి."

మళ్ళీ తిప్పాడు, మళ్ళీ ఆగింది. మూడోసారీ అంతే. వెనకాల బస్సు హారను చెవులు పగలగొడుతోంది. "మీరిటు రండి" అని ఆవిడే చోటు మారి కూర్చుని, ఎప్పటిలాగే కాలు తీసింది. ఆవిడ చేతిలోనూ ఆగిపోయింది! ఎలాగో పక్కకి తీసి, ఏం పాడైందో చూద్దామని దిగినప్పుడు, స్టీరింగు కింద ఒక కొత్త మీట కనిపించింది. వెనక్కి వెళ్ళి డిక్కీ తీస్తే, స్టెప్నీ ఉండాల్సిన చోట బూడిదరంగు గ్యాసు సిలిండరు దర్జాగా పడుకుని ఉంది.

మాస్టారిని పంపేసి ఇంటికొచ్చేసరికి కూతురు ల్యాబుకి బయల్దేరడానికి జడ వేసుకుంటోంది. తల్లి చేతిలో తాళం చూడగానే దువ్వెన అక్కడే ఆగిపోయింది.

"రాత్రే చెప్దామనుకున్నానమ్మా. అలసిపోయి ఉన్నావని..."

"రెండు రోజులు ఇల్లు వదిలితే ఎంత పని చేశావే! నన్ను అడగాలని తోచలేదా?"

"అడిగితే ఒప్పుకునేదానివా?"

"ఒప్పుకోనని తెలిసే చేశావన్నమాట! మూడుసార్లు ఆగిపోయింది. నా చేతిలో కూడా ఆగింది. ఇరవై మూడేళ్ళలో నాకు తెలియని సిగ్గు ఈ రోజు తెలిసింది. మీ నాన్న పెట్టిపోయిన ఇంజనే అది! ఆయన చేతిగుర్తు ఈ ఇంట్లో ఇంకేం మిగిలింది? దాన్ని కూడా చెరిపేశావు."

కూతురికి కళ్ళలో నీళ్ళు గిర్రున తిరిగాయి, కానీ గొంతు తగ్గించలేదు. "చెరిపెయ్యలేదమ్మా, నిలబెట్టడానికే చూశాను. నాన్న ఉన్నన్నాళ్ళూ టాంకు ఎలా నిండేదో నీకు తెలుసా? పెట్రోలు ముల్లు కిందికి దిగడం నువ్వెప్పుడైనా చూశావా? నేను చూస్తున్నాను. ఇంకో మూడు నెలలు ఇలాగే సాగితే ఆ కారు ఎవరి వాకిట్లోనో ఉండేది. అప్పుడు ఆయన చేతిగుర్తు ఎక్కడ వెతుక్కుందువు?"

క్లచ్చమ్మ గారికి కోపం ఇంకా పెరిగింది. ఉన్నమాటంటే అంతే కదా. "పద" అంది. "ఆ బిగించినవాడెవడో వాడి దగ్గరికి పద. ఊడపీకించి, ఎలా ఉన్నదాన్ని అలా పెట్టమంటాను." కూతురు ల్యాబుకి ఫోను చేసి ఆలస్యమవుతుందని చెప్పి, వచ్చి పక్క సీట్లో కూర్చుంది. దారిలో కారు ఇంకో రెండుసార్లు ఆగింది.

గ్యాసు ఫిట్టరు యాభై దాటిన మనిషి. కళ్ళజోడుకి తాడు కట్టి మెడలో వేసుకున్నాడు. వర్షంలా కురిసిన ఆవిడ తిట్లన్నీ ఓపిగ్గా విని, "అమ్మగారూ, గ్యాసు వల్ల ఆగట్లేదు. నేను ఇంజను సరిగ్గా సర్దాను కాబట్టి ఆగుతోంది" అన్నాడు.

"సరిగ్గా సర్దితే ఆగుతుందా? మాకేం తెలీదనుకుంటున్నావా?"

"ఇలా రండి, చూపిస్తాను." బానెట్టు ఎత్తి, ఒక చిన్న స్క్రూ మీద వేలు పెట్టాడు. "బండి ఊరికే నిలబడి ఉన్నప్పుడు ఇంజను ఎంత జోరుగా తిరగాలో ఇది చెప్తుంది. మీ బండికి ఉండాల్సినదానికి రెట్టింపు పెట్టి ఉంది. అలా ఉంటే క్లచ్చు ఎంత దబ్బున వదిలినా ఆగదు. గెంతుతుందేమో గానీ ఆగదు. పెట్రోలు మాత్రం గటగటా తాగేస్తుంది. ఎవరో తెలియక తిప్పారనుకుని నేను దించేశాను. తరవాత చూస్తే, తెలిసినవాడి పనేనని అర్థమైంది."

"ఎలా అర్థమైంది?" అంది కూతురు.

"సర్దిన స్క్రూ కదలకుండా మెకానిక్కులు దాని మీద రంగుచుక్క పెడతారమ్మా. దీని మీద ఉన్నది మామూలు రంగు కాదు, ఆడవాళ్ళ గోళ్ళరంగు. గులాబీ రంగు."

క్లచ్చమ్మ గారు వెనక ఉన్న బల్ల మీద కూలబడ్డారు.

ఆ గోళ్ళరంగు సీసా ఆవిడకి గుర్తుంది. కారు నేర్పడం మొదలుపెట్టి పది రోజులు కూడా కాలేదు అప్పటికి. నడిరోడ్డు మీద ఒక ఆడపిల్ల చేతిలో బండి ఆగిపోతే, వెనకాలవాళ్ళు దిగి వచ్చి మరీ నవ్వారు. "ఇంట్లో కూర్చుని పప్పులు ఏరుకోక వీళ్ళకెందుకండీ ఇవన్నీ!" అన్నాడొకడు. ఆ మాట గుండెలో దిగబడిపోయింది. మర్నాడు ఆదివారం, నలుగురు శిష్యురాళ్ళ ఇళ్ళకీ నడిచి వెళ్ళి, ఇక నేర్పనని చెప్పేసి, సాయంత్రానికి ఏడుస్తూ ఇల్లు చేరింది. అప్పుడాయన చేతులు తుడుచుకుంటూ, "ఏమోయ్, మానేద్దువుగాని, ఆఖరిసారి ఒక్కసారి తోలించి చూడు" అన్నాడు. పక్కింటావిడని కూర్చోబెట్టి తోలిస్తే బండి ఆగలేదు. పదిసార్లు తోలించినా ఆగలేదు. "చూశావా? నేర్పే విద్య నీ చేతిలోనే ఉంది. నిన్న ఏదో గ్రహపాటు" అని ఆయన ఎంత తేలిగ్గా నవ్వాడని! వారం తరవాత కొత్త గోళ్ళరంగు సీసా సగం అయిపోయిందేమిటని ఆవిడ ఇల్లు పీకి పందిరేస్తే, ఏమీ తెలియనట్టు తల దించుకుని అన్నం తిన్నాడు మహానుభావుడు.

డిపోలో పని ఎక్కువగా ఉందంటూ ఆయన సెలవురోజుల్లో కూడా వెళ్ళేవాడు. కారు ఎందుకింత తాగుతోందని ఆవిడ ఎప్పుడూ అడగలేదు. అడిగే అవసరం రానివ్వలేదు మరి. ఒకటీ రెండూ కాదు, పదిహేడేళ్ళు!

"అయితే నేను నేర్పిందేమీ లేదన్నమాట" అంది చివరికి. "నేర్పిందంతా ఆ స్క్రూయే. నేను ఊరికే పక్కన కూర్చుని గొప్పలు పోయాను. వాళ్ళ కార్లు రేకు డబ్బాలని చెప్పి, పాపం అందరినీ మోసం చేశాను."

కూతురు పక్కన కూర్చుని భుజం చుట్టూ చెయ్యి వేసింది. "అమ్మా, మొదటిసారి నేను ల్యాబు వ్యాను తీసినప్పుడు ఆరుసార్లు ఆగిపోయింది. వెనకాల అందరూ హారన్లు. నాతో ఉన్నామె భయపడి దిగిపోయింది. నేను మాత్రం దిగలేదు తెలుసా? 'హారన్లు వాళ్ళవి, బండి మనది, తొందరేం లేదు' అని నువ్వు చెప్పే మాటే చెప్పుకుంటూ ఏడోసారి తీశాను. ఆ మాట స్క్రూ చెప్పిందా? నీ శిష్యులందరూ నాలుగుసార్లు ఆగాక ఐదోసారి తీసుకెళ్ళారే గానీ, ఒక్కళ్ళయినా కారు అమ్మేశారా?"

క్లచ్చమ్మ గారు కొంగుతో ముఖం తుడుచుకుని, లేచి ఇంజను దగ్గరికి వెళ్ళారు. ఫిట్టరు మెల్లగా, "మళ్ళీ పెంచమంటారా అమ్మగారూ? గ్యాసు మీద నడుస్తోంది కాబట్టి ఇప్పుడు మీకు అంత భారం కాదు" అన్నాడు.

"ఎలా తిప్పాలో చూపించు నాయనా. నేనే తిప్పుకుంటాను. కొత్తగా వచ్చినవాళ్ళకి మొదటి పది రోజులూ పెంచుతాను. భయం పోయాక దించి నేర్పుతాను." అలా అని, కూతురి వైపు తిరిగి, "కిట్టు ఉండనీ" అంది. అంతకన్నా క్షమాపణ ఆవిడకి చేతకాదు. కూతురికి అది చాలు.

ఇంటి వాకిట్లో మిట్టమధ్యాహ్నం ఎండలో క్లచ్చమ్మ గారు జీవితంలో మొదటిసారి తన కారు బానెట్టు తానే ఎత్తారు. కూతురిని స్టీరింగు ముందు కూర్చోబెట్టి, స్క్రూ పావు వంతు తిప్పి, పక్కకి తప్పుకుని, "ఊఁ, ఇప్పుడు మొద్దులా దబ్బున వదిలెయ్" అన్నారు. కారు ఆగిపోయింది. ఇంకో పావు వంతు తిప్పారు. మళ్ళీ ఆగింది. మూడోసారి తిప్పి తప్పుకున్నారు. కారు కప్పలా ఒక్క గెంతు గెంతింది గానీ ఆగలేదు, ముందుకి నాలుగడుగులు నడిచింది. కూతురు బ్రేకు వేసి, గేరు తీసి, కదలకుండా ఉండిపోయింది.

"ఏమైందే? దెబ్బ తగిలిందా?" అంటూ తల్లి గబగబా తలుపు తీసింది.

"అమ్మా, ఇది నేను ఇంతకుముందు చేశాను" అంది కూతురు. కళ్ళు ఎక్కడో ఉన్నాయి. "ఇక్కడే, ఈ వాకిట్లోనే. నాకు ఎనిమిదేళ్ళు ఉంటాయేమో. వెనకాల రెండు దిళ్ళు పెట్టి నాన్న నన్ను కూర్చోబెట్టారు. కాలు అందక రెండు కాళ్ళతో కలిపి తొక్కేదాన్ని. 'వదిలెయ్ తల్లీ, టక్కున వదిలెయ్' అనేవారు. కారు గెంతితే నేను పగలబడి నవ్వేదాన్ని. ఆయన మాత్రం నవ్వలేదు. అటు వెళ్ళి ఏదో తిప్పేవారు, మళ్ళీ వచ్చి 'ఇంకొక్కసారి' అనేవారు. అమ్మ వచ్చాక చెప్పకు, ఇది మనిద్దరి ఆట అన్నారు. ఆట అనుకున్నానమ్మా. అందుకే నీకు ఎప్పుడూ చెప్పలేదు."

"ఎన్నిసార్లు వదిలావే?"

"ఏమో. ఆ ఆదివారం పొద్దున నువ్వు శిష్యురాళ్ళ ఇళ్ళకని వెళ్ళినప్పటి నుంచీ. కాళ్ళు నొప్పెట్టి ఏడుపొచ్చింది. అయినా ఇంకొక్కసారి, ఇంకొక్కసారి అంటూనే ఉన్నారు."

క్లచ్చమ్మ గారు తెరిచిన తలుపు దగ్గర వాకిట్లోనే చతికిలబడి, కూతురి రెండు పాదాలూ చెప్పులు విప్పి ఒళ్ళో పెట్టుకున్నారు. మసి అంటిన చేతులతో వాటిని నిమురుతూ, వీధిలో ఎవరైనా చూస్తారన్న ధ్యాస కూడా లేకుండా వెక్కి వెక్కి ఏడ్చారు.

"నన్ను నిలబెట్టింది ఆయన ఒక్కడే అనుకున్నానే" అన్నారు.