మనసుకు ఏడు మార్కులు

అమీర్‌పేటలో దేనికైనా కోచింగ్ ఉంటుంది. మనసుకు కూడా. పంజాగుట్టలో ఒక కంపెనీ ఉద్యోగమిచ్చే ముందు భావోద్వేగాల పరీక్ష పెడుతుందని తెలియగానే, జవాబుల జిరాక్సులు బజార్లోకి వచ్చేశాయి. 'ఎదుటివారి బాధను ఇట్టే గ్రహిస్తాను' లాంటి వాక్యాలు ముప్పై ఉంటాయి. ఒక్కోదానికి ఒకటి నుంచి ఏడు దాకా మనకి మనమే మార్కులు వేసుకోవాలి.

కాకినాడ నుంచి వచ్చిన కేదార్ కోచింగ్ క్లాసులో అన్నింటికీ ఏడు వేసేసి, పక్కనున్న నిరోష కాగితంలోకి తొంగిచూశాడు. మూడు నెలలుగా ఆమె పక్క కుర్చీ కోసమే అతను ముందొస్తున్నాడు. ఆ సంగతి ఆమెకు తప్ప బ్యాచ్ మొత్తానికి తెలుసు.

"ఏంటండీ, 'నా మనసులో మాట సులువుగా చెప్పగలను' అన్నదానికి ఒకటి వేశారు?"

"చెప్పలేను గదా. ఉన్నదే ఏసిన."

"రేపు పరీక్షలో ఇలాగే వేస్తే తీసేస్తారు. ఏడు వేయండి."

"నా లెక్క ఉన్నోళ్లు కొలువుకు పనికిరారా?"

"అలాగే అనుకుంటారు మరి. మీరు కొంచెం మారాలండీ."

నిరోష కాగితం మడిచి బ్యాగులో పెట్టుకుని వెళ్లిపోయింది. బస్సుకు టైమైందేమో అనుకున్నాడు కేదార్. ఎదుటివారి బాధకు ఏడు వేసుకున్న మహానుభావుడు మరి.

కాసేపటికి నిరోష స్నేహితురాలు మమత వచ్చింది. "ఏమన్నవ్ దాన్ని? మెట్ల మీద కూసోని ఏడుస్తుంది."

అతను పరుగెత్తుకెళ్లేసరికి ఆమె లేదు.

మర్నాడు పరీక్ష అయ్యేసరికి వాన. పంజాగుట్ట మెట్రో మెట్ల కింద నిరోష ఒక్కతే నిలబడి ఉంది.

"మమత చెప్పేదాకా నాకు తెలియలేదు. సారీ అండీ."

"నేనిట్లుంటే నీకేంది నష్టం?"

"నష్టమే. మీకు ఉద్యోగం రాకపోతే మళ్లీ మీ పక్కన కూర్చోలేను. ఆ భయంతో ఏదేదో వాగాను. మీరు మారక్కర్లేదు. నాకు మీరు ఇలాగే ఇష్టం."

ఆమె వాన వైపు తిరిగింది. ఈసారి కేదార్ తనకు తోచిన అర్థం తీసుకోలేదు, తొందరపెట్టలేదు. తనూ వాన చూస్తూ నిలబడ్డాడు.

"నేను ఉన్నదున్నట్టే రాసిన. కొలువు రాదేమో," అంది చివరికి.

"నేనూ నిజమే రాశాను. నాకు అసలే రాదు."

నిరోష నవ్వింది. మూడు నెలల్లో ఆమె అంతగా నవ్వడం అతను చూడలేదు.

"ఆదివారం మధురానగర్ రా. నాయన టైలర్ షాపుల ఉంటడు. ఇప్పుడు నాకు చెప్పింది ఆయనకు చెప్పు."

"ఒక్కణ్ణేనా? మీరేమీ చెప్పరా?"

ఆమె తలదించుకుంది. చున్నీ కొస వేలికి చుట్టుకుంది.

"నాకు సుత నువ్వంటే ఇష్టమని నువ్వే చెప్పు. నాతోని కాదు."